ముక్కు నాది, పడవ ఆయనది

మా ఆయనకి వాసన తెలియదు. ఈ మాట చెబితే జనం నవ్వుతారు. కళ్ళు కనపడవంటే జాలిపడతారు, చెవులు వినపడవంటే దగ్గరికొచ్చి గట్టిగా మాట్లాడతారు. ముక్కు పనిచేయదంటే మాత్రం "అదృష్టవంతుడు, బస్సులో హాయిగా ఉంటుంది" అంటారు. నాకు ఒళ్ళు మండిపోతుంది. అలా అన్నవాళ్ళని తీసుకొచ్చి మా పడవలో గ్యాసు పొయ్యి పక్కన ఒక్క పూట కూర్చోబెట్టాలనిపిస్తుంది.

అవును, పడవే. మేమిద్దరం ఉండేది పడవలో. అదెలా వచ్చి నా నెత్తిన పడిందో చెప్పాలంటే ముందు ఆయన గురించి చెప్పాలి.

ఆయన కార్లకి రంగు కొట్టే మేస్త్రి. పెళ్ళయిన కొత్తలో సాయంత్రం ఇంటికొస్తే చెవి మడతల్లో ఒక రంగు, కనుబొమల మీద ఇంకో రంగు ఉండేవి. ఆ రోజు షెడ్డుకి ఎలాంటి బండి వచ్చిందో నేను ఆయన చెవులు చూసి చెప్పేదాన్ని. దెబ్బతిన్న తలుపుకి ఆయన రంగు కొడితే, నొక్కుపడిన తలుపు ఏదో బండి సొంతదారు కూడా కనిపెట్టలేకపోయేవాడు. డబ్బా మీది నంబరు చూసి రంగు కలపడం ఆయనకి నామోషీ. కంటితో చూసి కలిపేవాడు. ఆ గర్వం ఆయనకి తగినదే, నేను కాదనను. మూతికి గుడ్డ కట్టుకోమని ఎంత మొత్తుకున్నా మాత్రం చెవిన వేసుకోలేదు.

"గుడ్డ కట్టుకుంటే ఊపిరాడదే. ఊపిరాడకపోతే చెయ్యి వణుకుతుంది" అనేవాడు.

థిన్నరు, రంగు, దుమ్ము కలిసి ఆ ముక్కుని ఎప్పుడు తినేశాయో మాకు తెలియనే లేదు. ఒక రోజు పొయ్యి మీద పాలు పెట్టి, కాస్త చూస్తూ ఉండమని చెప్పి, నేను బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్ళాను. దిగి వస్తుంటే మెట్ల మీదే మాడు వాసన గుప్పుమంది. పరిగెత్తుకొచ్చి చూస్తే పాలు పొంగి, ఇగిరి, గిన్నె బొగ్గయిపోయింది. ఈయనగారు పొయ్యికి వీపు పెట్టుకుని పేపరు చదువుకుంటున్నాడు. నా మొహం చూసి "ఏమైందే?" అన్నాడు. అప్పటికి నోటిదాకా వచ్చిన తిట్టు వెనక్కి పోయింది. ఈయనకి నిజంగానే తెలియలేదని అర్థమై భయమేసింది.

అప్పటినుంచి మా ఇంటికి ముక్కు నేనే. పాలు విరిగాయా, చొక్కా ఉతుక్కి పడేయాలా, ఈ పండు బాగుందా, అన్నీ నా ముక్కు కిందికే వచ్చేవి. నాకసలే భయం ఎక్కువ. ఆ రోజు తర్వాత మరీ ముదిరింది. ఎక్కడ ఏ కాస్త తేడా వాసన వచ్చినా "గ్యాసు!" అని కేకేసి వీధిలోకి పరిగెత్తేదాన్ని. వెనకాల ఆయన తాపీగా వచ్చి, అది పక్కింటివాళ్ళు పారేసిన చెత్తనో, కాలవనో తేల్చేవాడు. వీధిలో పిల్లలు నన్ను చూస్తే "గ్యాసమ్మగారు" అని గుసగుసలాడేవాళ్ళు. అనుకోనీలే అని ఊరుకున్నాను. భయపడేదాన్ని నేను, వాళ్ళకేం తెలుసు?

ఇక పడవ సంగతి. ఆయన పని మానేసేముందు ఆఖరుగా రంగు కొట్టింది దానికే. దాని సొంతదారుకి వయసైపోయి, ఎవరికైనా ఇచ్చేస్తే చాలన్నట్టున్నాడు. ఈయన ఒక సాయంత్రం ఇంటికొచ్చి, మంచినీళ్ళు కూడా తాగకుండా, "మనం అద్దె ఇల్లు ఖాళీ చేసేద్దామే" అన్నాడు.

"ఖాళీ చేసి?"

"నీళ్ళ మీద ఉందాం. ఎంత బాగా వచ్చిందో తెలుసా ఆ నీలం!"

"ఆ నీలం చూసుకుని కాపురం పెడతామా? ఇన్నాళ్ళూ కొంప మునిగింది కొంప మునిగింది అని ఊరికే అంటుండేదాన్ని. ఇక ఆ ముచ్చట కూడా తీరుతుంది" అన్నాను.

ఆయన పడీపడీ నవ్వాడు. ఆ నవ్వుకే నేను ప్రతిసారీ లొంగిపోతాను. మా అమ్మాయి ఫోనులో "అమ్మా, నాన్నకి పిచ్చి, సరే. నీకేమైంది?" అంది. అప్పటికే నేను వంటగిన్నెలు మూట కడుతున్నాను.

నిజం చెప్పొద్దూ, పడవ బాగానే ఉంటుంది. ఒక పడకగది, ఒక వంటగది, మధ్యలో తెర. నాలుగు మెట్లు దిగితే లోపలికి. పొయ్యి ఆడపిల్లలు ఆడుకునే బొమ్మ పొయ్యి అంత ఉంటుంది. నేల పలకల కింద పడవ పొట్ట. పడవని నడిపే మర తాలూకు ఇరుసు పక్కనుంచి చుక్కా చుక్కా ఊరిన నీళ్ళు అందులో చేరతాయి. కాస్త చేరగానే కరెంటు పంపు దానంతటదే గుర్రుమని లేచి, తోడి బయటికి పోసి పడుకుంటుంది. రేవు పొడవునా మాలాంటి పడవలు వరసగా ఉంటాయి. గట్టు మీద కుళాయి, బట్టలు ఉతుక్కునే గది, రేవు ఆఫీసు. నెల తిరక్కుండానే నాకు అలవాటైపోయింది.

అంతలో పక్క పడవ మీసాలాయన వచ్చి నా అలవాటుని చెడగొట్టాడు. ఆయన ఓడల్లో వంటవాడిగా చేసి వచ్చినవాడు, మీసాలు చెవులదాకా ఉంటాయి. ఒక రోజు గట్టు మీద కూర్చుని కబుర్లలో చెప్పాడు.

"ఇంట్లో గ్యాసు లీకైతే తలుపులూ కిటికీలూ తీస్తే చాలావరకు పోతుందమ్మా. పడవ అలా కాదు. పడవంటే గిన్నె. గ్యాసు గాలికంటే బరువు. నీళ్ళు పోసినట్టే వెళ్ళి పొట్టలో కూర్చుంటుంది. పైన నిలబడ్డవాడికి వాసన కూడా రాదు. ఆ తర్వాత ఒక్క నిప్పురవ్వ చాలు."

"ఒక్క నిప్పురవ్వ పడితే?" అన్నాను.

ఆయన రెండు చేతులూ పైకెత్తి వేళ్ళు విప్పాడు. ఆ మాత్రం చాలు నాకు. ఆ రోజునుంచి నేల పలకల మీద నడుస్తుంటే పాము బుట్ట మీద నడుస్తున్నట్టే ఉండేది.

ఒక పొద్దున పొయ్యి వెనక తుడుస్తుంటే రబ్బరు గొట్టం చేతికి తగిలింది. కాస్త వంచి చూశాను. మడమలు పగిలినట్టు ఒళ్ళంతా పగుళ్ళు. దాని మీద అచ్చేసిన సంవత్సరం చదివాను. ఆ ఏడాదికి మా అమ్మాయి ఇంకా బడికి వెళుతోంది.

"మార్చేస్తాలే" అన్నాడు ఆయన, మంచినీళ్ళు పట్టుకొస్తాలే అన్నంత తేలిగ్గా.

"మీరా? గ్యాసు మేస్త్రిని పిలవండి."

"నా పడవకి నేను మార్చుకోకూడదా?"

ఆ ముక్క తేల్చుకుందామని ఇద్దరం రేవు ఆఫీసుకి వెళ్ళాం. గుమాస్తా కళ్ళజోడు పైకి తోసుకుని చెప్పాడు. "సొంత పడవ, సొంత వాడకం. అలాంటప్పుడు మీరే మార్చుకోవచ్చండీ, మా రేవు నియమం ఒప్పుకుంటుంది. పని తెలిసుండాలి. పడవని ఒక్క రోజు అద్దెకిచ్చినా సరే, కూలికి ఎవరితోనైనా చేయించినా సరే, అప్పుడు మాత్రం లైసెన్సున్న మేస్త్రే చెయ్యాలి. లేకపోతే పడవని రేవులోంచి పంపించేస్తాం."

"పని తెలిసుండాలి అన్నారు. తెలుసో లేదో ఎవరు చెప్పాలి?" అని అడిగాను.

గుమాస్తా మా ఆయన వంక చూశాడు. మా ఆయన కిటికీ వంక చూశాడు. "అది ఆయన మనసుకి తెలియాలమ్మా" అన్నాడు గుమాస్తా. మా ఆయన మనసుకి తెలియని పని ఈ భూమ్మీద ఉంటే కదా!

ఒకటి ఒప్పుకోవాలి. గొట్టాల పని ఆయన శ్రద్ధగానే చేశాడు. పడవలకి పనికొచ్చే రకం, ముద్ర ఉన్నది, ఈ ఏడాదిదే ఏరి తెచ్చాడు. సిలిండరు కట్టేసి, గొట్టంలో మిగిలిన గ్యాసుని పొయ్యి మీద మండించి ఖాళీ చేశాడు. సిలిండరు దగ్గరున్న గొట్టం, పొయ్యి వెనకున్న గొట్టం రెండూ మార్చాడు. మధ్యలో గోడ వెంబడి వెళ్ళే రాగి గొట్టాన్ని ముట్టుకోలేదు. గొట్టం బిగుసుకోకుండా, మెలిపడకుండా చూసుకుని, క్లిప్పులు కూడా కొత్తవే వేశాడు. నేను సబ్బునీళ్ళు కలిపిస్తే, రంగు బ్రష్షుతో ప్రతి అతుకు మీదా పూశాడు. నేను పక్కన కూర్చుని కళ్ళార్పకుండా చూశాను. ఒక్క బుడగ కూడా లేవలేదు.

"ఇప్పుడు చెప్పవే, ఎవరు మేస్త్రి?" అన్నాడు.

"మీరే, సంతోషించండి" అన్నాను. ఆ రాత్రి నాకు ఒళ్ళు తెలియని నిద్ర పట్టింది.

అక్కడితో ఆగితే ఏ గొడవా లేదు. మర్నాడు ఆయనకి చెయ్యి దురద పుట్టింది. పడవ వెనక, పైనుంచి మూత తెరిచే పెట్టె ఒకటుంది. సిలిండరు ఉండేది అందులో. ఆ పెట్టె లోపల తుప్పు మరకలు ఆయన కంట్లో పడ్డాయి. కొత్త గొట్టం పెట్టుకుని చుట్టూ ఈ దరిద్రం ఏంటని, మళ్ళీ అన్నీ విప్పి, పెట్టె గీకి, తెల్లరంగు కొట్టాడు. పింగాణీ గిన్నెలా మెరిసింది. థిన్నరు ఆవిరికి వంటగదిలో ఉన్న గ్యాసు అలారం కుయ్యిమని ఏడవడం మొదలుపెట్టింది. అది గ్యాసుకీ అరుస్తుంది, థిన్నరుకీ అరుస్తుంది. ఆయన విసుక్కుని దాని వైరు పీకేశాడు.

"మళ్ళీ పెట్టండి" అన్నాను.

"రంగు ఆరాక పెడతాలే."

రంగు ఆరింది. అన్నీ మళ్ళీ బిగించాడు, మళ్ళీ సబ్బునీళ్ళతో చూశాడు. అలారం సంగతి నేను రెండుసార్లు గుర్తుచేశాను, రెండుసార్లూ రేపన్నాడు. కొన్నాళ్ళకి సిలిండరు అయిపోయింది. కొత్తది తెచ్చి బిగించాడు. ఈసారి సబ్బునీళ్ళు అడగలేదు. గొట్టాలు కొత్తవే కదా అన్నాడు. నేను గట్టిగా అడగలేదు. అడిగితే మళ్ళీ గ్యాసమ్మగారు అంటాడు.

ఆ మర్నాడు పగటిపూట, గట్టు మీద బట్టలు ఉతుక్కుని, తడిబట్టల బేసిన్ నడుం మీద పెట్టుకుని వచ్చాను. ఎండ బాగా కాస్తోంది. మీసాలాయన తన పడవ మీద చేపలగాలం చిక్కు తీసుకుంటున్నాడు. మా పడవ ఎక్కి, గుమ్మం దగ్గర బేసిన్ దించడానికి వంగాను.

వాసన కొట్టింది.

లేచి నిలబడ్డాను. లేదు. మళ్ళీ వంగాను. ఉంది. కుళ్ళిన గుడ్డు కంపు, ముక్కు తొలిచేస్తోంది. ఇది కాలవ కాదు. ఇది చేపలు కాదు.

లోపల ఆయన పొయ్యి ముందు నిలబడి ఉన్నాడు. టీ గిన్నె పొయ్యి మీద ఉంది. చేతిలో లైటరు ఉంది, నొక్కితే టిక్కుమని నిప్పురవ్వ వచ్చేది.

"ఏమండీ! వెలిగించకండి! గ్యాసు!"

ఆయన తలెత్తి చూశాడు. మొహంలో అదే పాత నవ్వు. "మళ్ళీ మొదలెట్టావా?"

"నిజం అండీ! కిందంతా వాసన! బయటికి రండి!"

"మొన్న ఇలాగే అరిచావు, మీసాలాయన చేపలు కడిగిన నీళ్ళు. అంతకుముందు అరిచావు, ఎవరిదో చెత్తబుట్ట. గొట్టాలు నేను వేశాను కదే. సబ్బునీళ్ళు కలిపిచ్చింది నువ్వే కదా. ఏమీ లేదని ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాడు. ఆ తర్వాత, చిన్నపిల్లకి నచ్చజెప్పే గొంతుతో, "ఉండు, వెలిగించి చూపిస్తాను. అప్పుడు నీ భయం పోతుంది" అన్నాడు.

లైటరున్న చెయ్యి పొయ్యి మీదికి వెళ్ళింది.

నా కాళ్ళు గట్టు వైపు తిరిగాయి. అబద్ధం ఎందుకు చెప్పాలి, అవి వాటంతటవే తిరిగాయి. ఎప్పుడూ పరిగెత్తిన కాళ్ళే కదా. అరిచి లాభం లేదు, ఇన్నేళ్ళూ అరిచి అరిచి నా అరుపుకి విలువ లేకుండా చేసుకున్నాను. నేను గట్టు మీద బతికి ఉండి, ఆయన ఒక్కడూ ఆ లోపల ఉంటే? ఆ తర్వాత ఈ ముక్కు పెట్టుకుని నేనేం చేసుకోవాలి?

నాలుగు మెట్లూ దిగాను. దిగుతున్నకొద్దీ కంపు మోకాళ్ళదాకా, నడుందాకా వచ్చినట్టనిపించింది. పొయ్యి పక్కన బల్ల మీద, ఆయన మోచేతికి తగిలేంత దగ్గరగా కూర్చున్నాను. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని బిగించాను.

"సరే, వెలిగించు. నేనూ ఇక్కడే ఉంటా" అన్నాను.

పెళ్ళయినప్పటినుంచి ఆయన్ని నువ్వు అన్నది లేదు. నేను అన్నానని నాకే తెలియలేదు. ఆయనకి తెలిసింది. చెయ్యి గాలిలో ఆగింది.

"నువ్వెందుకు దిగావు?" అన్నాడు.

నేను లైటరు వంకే చూస్తున్నాను.

"వాసన వస్తే నువ్వు బయటికి కదా పరిగెడతావు. లోపలికి ఎందుకొచ్చావు?"

"నువ్వు రావట్లేదు కదా" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. నా చేతుల వంక చూశాడు. తర్వాత తన బొటనవేలు వంక చూసుకున్నాడు, అది లైటరు మీద సగం నొక్కి ఉంది. ఆ వేలిని మెల్లగా, మెల్లగా పైకి తీశాడు. లైటరుని మడతపెట్టిన తువ్వాలు మీద, గుడ్డు పెట్టినట్టు పెట్టాడు. ఆయన నుదుటి మీద చెమట నేను చూస్తుండగానే పుట్టింది.

"పద" అన్నాడు. రెండో మెట్టు మీద ఆగిపోయాడు. "పంపు" అన్నాడు, నేల పలకల వంక చూస్తూ.

అప్పుడు నాకు వెలిగింది. నేల కింద నీళ్ళు చుక్కా చుక్కా చేరుతున్నాయి. కాసేపట్లో కరెంటు పంపు ఎవరూ నొక్కకుండానే లేస్తుంది. అది లేచేది సరిగ్గా ఆ గ్యాసు మధ్యలోనే. స్విచ్చు కట్టేద్దామంటే స్విచ్చులోనూ రవ్వ పుడుతుంది. నేను ఆయన చొక్కా పట్టుకుని బయటికి లాగాను. గట్టు మీద పడ్డాం. మీసాలాయన ఏమైందోనని ఇటే వస్తున్నాడు, నోట్లో సిగరెట్టు వెలుగుతోంది.

"ఆర్పండి! నీళ్ళల్లో పారెయ్యండి!" అని అరిచాను. నా గొంతు అలా ఉంటుందని నాకే తెలియదు. ఆ పెద్దమనిషి ఒక్క ప్రశ్న వెయ్యలేదు. సిగరెట్టు నీళ్ళల్లో పడేశాడు.

మా ఆయన పడవ వెనక్కి వెళ్ళి, పెట్టె మూత తెరిచి, సిలిండరు కట్టేశాడు. ఇక గట్టెక్కండి అంటే ఎక్కలేదు. పడవ వెనక, బయటే, చేత్తో కొట్టే పంపు ఒకటుంది. దాని గొట్టం పొట్ట అడుగుదాకా వెళుతుంది.

"చేతిపంపు కొట్టు!" అని మీసాలాయన గట్టు మీదినుంచి కేకేశాడు. "ముందు నీళ్ళు తోడెయ్, అప్పుడు కరెంటుది లేవదు. నీళ్ళయ్యాక కూడా ఆపకు! గ్యాసుని కూడా నీళ్ళు తోడినట్టే తోడాలి!" అని చెప్పి, మిగతా పడవలవాళ్ళని పొయ్యిలు ఆర్పమని చెప్పడానికి పరిగెత్తాడు.

ఆయన కొట్టడం మొదలుపెట్టాడు. పడవ పక్కనున్న కన్నంలోంచి ముందు మురికి నీళ్ళు వచ్చాయి. తర్వాత నీళ్ళు ఆగిపోయాయి. అయినా ఆపలేదు. పిడి పైకి, కిందికి. కన్నంలోంచి ఏమీ రావట్లేదు. గట్టు మీద నడిచి వెళ్ళే ఎవరో "ఏంటాయన, ఉత్తినే పంపు కొడుతున్నాడు?" అని నవ్వారు. నాకు వాళ్ళ పీక నొక్కాలనిపించింది. ఆ పంపు కొడుతున్నది నా మొగుడు, పొట్టనిండా బాంబు పెట్టుకున్న పడవ మీద ఉన్నాడు.

గట్టు అంచున బోర్లా పడుకుని, ఆ కన్నం దగ్గర మొహం పెట్టాను. పిడి కిందికి వచ్చినప్పుడల్లా ముక్కుకి ఒక కంపు దెబ్బ.

"వస్తోందా?" అని అరిచాడు.

"వస్తోంది! కొట్టండి!"

"వస్తోందా?"

"ఇంకా వస్తోంది!"

ఎంతసేపు కొట్టాడో. చెయ్యి మార్చాడు, మళ్ళీ మార్చాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. కాసేపటికి కంపు తగ్గినట్టనిపించింది. తర్వాత అసలు రాలేదు. "పోయింది" అనబోయి ఆగాను. పోయిందా, లేక నా ముక్కు మొద్దుబారిందా? అదే వాసన పీల్చి పీల్చి ఉంటే ముక్కు కూడా మానేస్తుంది కదా. ఆ ఆలోచన రాగానే, మొత్తం ఆ పూటలోకీ అప్పుడే నాకు ఎక్కువ భయమేసింది. లేచి, గట్టు చివరిదాకా పరిగెత్తాను. అక్కడ మంచి గాలి పీల్చి మళ్ళీ వచ్చి పడుకున్నాను. ఉంది! సన్నగా ఉంది.

"కొట్టండి! ఆపకండి!"

అలా ఎన్నిసార్లు పరిగెత్తానో లెక్కలేదు. గ్యాసు మేస్త్రి వచ్చేదాకా ఆయన పంపు వదల్లేదు, నేను ఆ కన్నం వదల్లేదు.

ఆ మేస్త్రి మా వయసు ఆడమనిషి. రేవు ఆఫీసువాళ్ళు ఫోను చేస్తే వచ్చింది. రాగానే మా ఆయన్ని పడవ దింపి గట్టు మీద కూర్చోబెట్టింది. ఒక మీటరు తాడుకి కట్టి గుమ్మంలోంచి కిందికి వదిలింది, చూసింది, మూతలన్నీ తీయించింది, మళ్ళీ వదిలి చూసింది. ఇక పర్వాలేదని చెప్పాకగానీ ఎవర్నీ లోపలికి పోనివ్వలేదు. తర్వాత సిలిండరు పెట్టె దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, నట్టు విప్పి, లోపలినుంచి నల్లటి రబ్బరు వాషరు ముక్క తీసి చూపించింది. అది పగిలి రెండయింది.

"గొట్టాలు బాగా వేశారు. లీకు ఇక్కడుంది. సిలిండరు మార్చిన ప్రతిసారీ వాషరు చూడాలి, సబ్బునీళ్ళు పూయాలి" అంది.

"లీకైతే మాత్రం, పెట్టె అడుగున కన్నం ఉంటుంది కదా! అందులోంచి బయటికి, నీళ్ళ మీదికి పోవాలి కదా. లోపలికి ఎందుకొచ్చింది?" అన్నాడు మా ఆయన.

"అదే నేనూ వెతుకుతున్నాను. కన్నం ఏది?" అంది ఆవిడ.

ఆయన వంగి చూశాడు. అడుగు తెల్లగా, నున్నగా, అద్దంలా ఉంది. ఎక్కడా కన్నం లేదు. ఆయన అరచేత్తో నిమిరాడు. ఒకచోట వేలు ఆగింది. గోటితో గీరితే తెల్లటి పొర లేచింది. పట్టుకుని లాగితే గుండ్రంగా, అంచులు తీర్చి కత్తిరించిన టేపు ముక్క ఊడి వచ్చింది. దాని కింద కన్నం ఉంది.

రంగు కొట్టేముందు కన్నాలన్నిటికీ టేపు వెయ్యాలి. ఆయన పనిలో చేరిన మొదటిరోజు నేర్చుకున్నది అదే. వేశాడు. దాని మీద ఎంత బాగా కొట్టాడంటే, తర్వాత ఆయన కంటికే కనపడలేదు. బయటికి పోయే దారి లేక గ్యాసు పెట్టె నిండా చేరి, రాగి గొట్టం దూరేచోట వదులైన సందులోంచి పడవలోకి దిగింది.

"రంగు మాత్రం చాలా బాగా వేశారండీ" అంది మేస్త్రి. ఎగతాళి కాదు, మనస్ఫూర్తిగానే అంది. మా ఆయన తలెత్తలేదు. టేపు ముక్క వేలికి అంటుకుంటే విదిలించాడు, అది ఊడలేదు.

నేను తిట్టడానికి చాలా మాటలు దాచుకుని ఉన్నాను. పడవ పట్టనన్ని ఉన్నాయి. అవన్నీ అలాగే ఉంచుకుని, ఆయన పక్కన వెళ్ళి కూర్చున్నాను. పంపు కొట్టిన చెయ్యి పట్టుకున్నాను.

మేస్త్రి వాషరు మార్చి, ఆ సందు మూసి, అలారం వైరు మళ్ళీ తగిలించి, అది పచ్చదీపంతో వెలుగుతోందని మా ఇద్దరికీ వేలు పెట్టి చూపించి వెళ్ళింది. ఇక గ్యాసు పని ఆవిడే చేస్తుంది. నియమం అడక్కపోయినా ఆయనే పిలుస్తానన్నాడు.

ఆ తర్వాత ఆయన మారిపోయాడు. రోజూ పొద్దున టీ పెట్టేముందు లైటరు చేత్తో పట్టుకుని నిలబడతాడు. పచ్చదీపం వంక చూడడు, నా వంక చూస్తాడు. నేను నేలదాకా వంగి, ఊపిరి పీల్చి, లేస్తాను.

"వెలిగించనా?" అంటాడు.

"వెలిగించండి" అంటాను.

అప్పుడు గానీ టిక్కుమనిపించడు. జీవితమంతా నా మాట నమ్మమని మొత్తుకున్నాను. ఇప్పుడు నమ్ముతున్నాడు, చిన్నపిల్లాడు అమ్మని నమ్మినట్టు నమ్ముతున్నాడు. ఆ నమ్మకం చూస్తే నాకు చెమటలు పడుతున్నాయి. ఇదివరకు నా ముక్కు తప్పు చెబితే నవ్వేవాడు. ఇప్పుడు నా ముక్కు తప్పు చెబితే వెలిగిస్తాడు.

నిన్న సాయంత్రం వానలో తడిశాను. ఈ పొద్దున లేచేసరికి గొంతు బొంగురుపోయి, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆయన టీ గిన్నె పొయ్యి మీద పెట్టి, లైటరు పట్టుకుని, నా కోసం చూస్తున్నాడు. అలవాటుగా నేలదాకా వంగాను. పీల్చాను. మళ్ళీ పీల్చాను. ఏమీ లేదు. గ్యాసూ లేదు, తడిచెక్క వాసనా లేదు, పక్కన పెట్టిన టీపొడి వాసనా లేదు. ముక్కు రెండు పక్కలా దిబ్బడ.

"వెలిగించనా?" అన్నాడు మా ఆయన.